ఎడమవైపు పిడి

ప్రియమైన తమ్ముడికి,

నీ పార్సిలు ఇవాళ పొద్దున చేరింది. పోస్టుమాన్ గుమ్మంలో పెట్టి సంతకం చెయ్యమన్నాడు. బరువుగా ఉంది, లోపల ఏదో దొర్లుతోంది. నీకేదో అయిపోయి, నీ సామాన్లు ఎవరో మూటగట్టి పంపించారనుకున్నాను. సంతకం కూడా వంకరగా పడింది. విప్పితే ఏముంది? ఒక మేజోడు, అందులో నీ చేపల గాలం చక్రం. దాని కింద రెండు చొక్కాలు, ఒక చొక్కా జేబులో చీటీ. ఏం రాశావో నీకు గుర్తులేకపోతే నేను చెప్తాను. "అక్కా, ఈ రీలు సముద్రపు ఉప్పుకి పట్టేసింది. చేప లాగుతుంటే తిరగలేదు. నేను కాస్త నీళ్లలో పడ్డాను. ఏం కాలేదు. మీ వీధి చివర గాలాల కొట్టుకెళ్లి సముద్రానికి పనికొచ్చే రీలు ఒకటి చూసి కొను. చొక్కాలకి బొత్తాలు తీసేసి జిప్పులు వెయ్యి."

కాస్త పడటం ఏమిట్రా? మనిషి నీళ్లలో పడితే పూర్తిగానే పడతాడు. ఎంత లోతు? ఎవరు తీశారు? తడిబట్టలతో ఎంతసేపు ఉన్నావు? దగ్గు వచ్చిందా? ఇవేమీ రాయకుండా జిప్పుల సంగతి రాశావు.

లిఫ్టులు బాగుచేసే ఉద్యోగం అయిపోయాక నా దగ్గరికి రమ్మన్నాను. రాలేదు. ఆ రేవు ఊళ్లో టార్పాలిన్లు కుట్టే ఆయన ఇంటిపైన గది తీసుకున్నావు. మునుపు నదిలో మోకాలి లోతున నిలబడి, పురుగైనా గుచ్చకుండా ఈక కట్టిన గాలం విసిరేవాడివి. అదైనా నయం. ఇప్పుడు సముద్రం. అల వస్తే ఇసుక తిన్నె మాయమైపోతుందని నువ్వే చెప్పావు. అలాంటి చోట ఒక్కడివే నడుముదాకా నీళ్లలో నిలబడతావు. ఇక్కడ వాన చినుకు పడితే నాకు అక్కడ నువ్వు కొట్టుకుపోతున్నట్టుంటుంది.

ఫోను చేద్దామనుకున్నాను. నీకు నచ్చని మాట వచ్చేసరికల్లా మీ ఊళ్లో సిగ్నలు పోతుంది. కాగితాన్నైతే అలా పెట్టేయలేవు కదా, అందుకని రాస్తున్నాను.

కొత్తది నేను కొనను. ఈ రీలు కొన్నప్పుడు నేను పక్కనే ఉన్నాను. "సముద్రానికి భేషుగ్గా ఆగుతుంది, ఉప్పు దూరదు" అని ఆ కొట్టాయన బల్ల గుద్ది చెప్పాడు. ఇప్పుడు ఆయన బల్ల నేను గుద్దుతాను. 

ఒళ్లు మండిపోతూ,
అక్క


ప్రియమైన కంగారక్కకి,

నీ ఉత్తరం చదువుతుంటే కిందనుంచి టార్పాలినాయన పైకొచ్చి, ఎవరైనా అరుస్తున్నారా అని అడిగాడు. మా అక్క ఉత్తరమండీ అన్నాను. ఆయన కిటికీ వేసి వెళ్లాడు.

నాకేం కాలేదు. దగ్గు లేదు. నీళ్లు నడుముదాకానే. సంతోషమేనా?

కొట్టాయనతో దెబ్బలాడకు. గ్యారంటీ మాట ఎత్తకు. ఎంత మంచి రీలైనా సముద్రం ముందు ఎన్నాళ్లు ఆగుతుంది చెప్పు? పాతది కొలత కోసం పంపాను, అంతే. ఆయనకి చూపించి మళ్లీ మేజోట్లో పెట్టెయ్. ఏం చూడాలో రాస్తున్నాను, ఈ కాగితం చేతికిచ్చినా ఆయనకి తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు బ్రేకు. రీలు మధ్యలో బిళ్లలుంటాయి. చేప పరుగెత్తినప్పుడు అవి ఒకదాన్నొకటి ఒరుసుకుని దారాన్ని బిగబట్టి కొంచెం కొంచెంగా వదుల్తాయి. నదిలోనైతే అవి తెరిచి ఉన్నా ఫరవాలేదు. సముద్రంలో ఒక్క ఉప్పురవ్వ దూరినా పట్టేస్తాయి. అందుకని నీళ్లు చొరకుండా చుట్టూ రబ్బరు వలయంతో మూసేసిన బ్రేకు కావాలి. రీలు ఒళ్లు మూసలో పోసింది కాకుండా ఒకే దిమ్మలోంచి కోసిన అల్యూమినియం అయితే మంచిది, తుప్పు పట్టని పూత ఉండాలి. సముద్రం చేప చాలా దూరం లాక్కుపోతుంది, కాబట్టి విసిరే దారం కింద అడుగున చుట్టే అదనపు దారానికి చోటు బాగా ఉండాలి. దారం చుట్టే చక్రం వెడల్పుగా ఉంటే ఒక్క తిప్పుకే ఎక్కువ దారం వస్తుంది, ఎక్కువసార్లు తిప్పక్కర్లేదు. తిప్పే పిడి లావుగా ఉండాలి. ఆ పిడి కుడివైపుకి పెట్టించు.

జిప్పులు మర్చిపోకు. 

నీ తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

దెబ్బలాడొద్దన్నావు. దెబ్బలాడాను.

ఆ కొట్టు నీకు తెలుసుగా, ఇద్దరు ఎదురుపడితే ఒకరు వెనక్కి నడవాలి. గాలపు కర్రలు గొడుగుల్లా గోడకి నిలబెట్టి ఉంటాయి, ఏది తగిలి ఏది పడుతుందో, ఏ కొక్కెం నా కంట్లో గుచ్చుకుంటుందోనని చెయ్యి అడ్డం పెట్టుకునే లోపలికి వెళ్లాను. కొట్టాయన కళ్లద్దాలు నుదుటిమీద పెట్టుకుని కళ్లద్దాలు వెతుక్కుంటున్నాడు. నేను మేజోడు బల్లమీద పెట్టి చెప్పాను.

"మీ సరుకు నా తమ్ముణ్ణి సముద్రంలోకి తోసింది."

"రీలు మనుషుల్ని తొయ్యదమ్మా."

"తోసింది అంటున్నానా! డెబ్బై ఏళ్లకి దగ్గరపడ్డ మనిషి. ఉప్పు దూరదని మీరు చెప్పలేదూ? నేను లేనూ ఇక్కడ?"

"చెప్పానమ్మా. ఇప్పుడూ చెప్తాను."

ఎంత పొగరో చూడు. కొట్లో ఉన్న ముగ్గురూ మా వైపు తిరిగారు. తిరగనీ అని గొంతు ఇంకా పెంచాను. మాటకి నిలబడని మనిషి అన్నాను. నీళ్లలో కలిసే ప్రాణాలతో వ్యాపారం అన్నాను. ఇంకా ఏమేమి అన్నానో ఇంటికొచ్చాక తలుచుకుంటే నాకే భయమేసింది, కానీ అప్పుడు నోరు ఆగలేదు. ఆయన మాత్రం నీ కాగితం చదువుకుంటూ ఒక్కొక్క రీలూ తీసి పెట్టాడు. మొదటిది ముద్దుగా ఉంది, వెనక చిల్లులు. "ఇది నదికమ్మా, మీ తమ్ముడు అడిగింది ఇది కాదు" అని పక్కన పెట్టాడు. రెండోది ఎత్తితే నా మణికట్టు నొప్పెట్టింది, అంత బరువు. మూడోదాని వెనక మూత బిగించి ఉంది, ఇందులోకి నీళ్లు చొరవన్నాడు. నేను దాన్ని చెవి దగ్గర పెట్టుకుని నా కుట్టుమిషను చక్రం తిప్పినట్టు తిప్పి చూశాను.

"ఇది గరగరమంటోంది. పాడైపోయిందే మాకు అంటగడతారా?"

"ఆ చప్పుడు కావాలనే పెడతారమ్మా. చేప లాగుతున్నట్టు తెలియడానికి."

వాళ్లు ముగ్గురూ నవ్వారు. నవ్వుకోనీ.

తర్వాత పిడి కుడివైపు అని చదివి ఆయన బుర్ర గోక్కున్నాడు. "మీ తమ్ముడిది ఎడంచేతి వాటమా?" అన్నాడు. కాదు, కుడిచేత్తో విసురుతాడు, ఎడంచేత్తో తిప్పుతాడు, చిన్నప్పట్నుంచీ అంతే అన్నాను. "మరి పిడి అటెందుకు? చేప పడ్డాక కర్ర చెయ్యి మార్చుకోవాలి కదా?" అన్నాడు. నాకేం తెలుసు? నీకే తెలియాలి. ఎందుకు?

ఉప్పు తినేసిందో లేదో నా కళ్లముందు విప్పి చూపించమని పట్టుబట్టాను. వెనకాల రిపేర్లు చేసే అమ్మాయి ఉంది, కంటికి చిన్న గొట్టంలాంటి అద్దం పెట్టుకుంటుంది. పాత రీలు తనకిచ్చి వచ్చాను. పని చాలా ఉందట, వారం ఆగి రమ్మంది. ఉప్పు కనపడనీ, కొట్టాయన చేత ఊరంతా వినేలా తప్పైందనిపిస్తాను.

ఈలోపు నువ్వు నీళ్లలో దిగావంటే నా మీద ఒట్టు. వేరే రీలు ఎరువు తెచ్చుకుని వెళ్తావేమోనని కూడా భయంగా ఉంది. చొక్కాలు ఇంకా ముట్టుకోలేదు. 

ఇంకా కోపం చల్లారని
అక్క


అక్కకి,

దాన్ని విప్పమని నీకెవరు చెప్పారు? కొలతకి పంపాను, కొలత చూపించి దాచమన్నాను. ఒక్క మాటైనా విన్నావా? వెంటనే వెళ్లి తెచ్చేసుకో. విప్పితే మళ్లీ సరిగా బిగించలేరు. పిడి ఏవైపు కావాలో నా ఇష్టం. ప్రతిదానికీ సంజాయిషీ ఇవ్వడానికి నేనేమైనా నీ కొంగు పట్టుకు తిరిగే పిల్లాణ్ణా?

నువ్వు భయపడుతూ భయపడుతూ నన్ను బతకనివ్వవు. గ్యాసు కట్టావా, తలుపు వేశావా, దగ్గు వచ్చిందా. ఆ కొట్లో నా పరువు తీశావు. రీలు కొనకపోతే మానెయ్. నేనే ఎలాగో తెప్పించుకుంటాను. కొన్నాళ్లు ఉత్తరాలు రాయకు. 

తమ్ముడు


తమ్ముడికి,

రాయొద్దన్నావు కాబట్టి రాస్తున్నాను.

వారం ఆగి వెళ్లాను. ఆ అమ్మాయి నన్ను చూడగానే "పెద్దమ్మా, ఇలా రండి" అని బల్లవెనక్కి పిలిచింది. తెల్లగుడ్డ పరిచి నీ రీలు విప్పి పెట్టి ఉంచింది. ఎంత చిన్న చిన్న ముక్కలో. తుమ్మితే ఏదైనా ఎగిరిపోతుందని నేను ముక్కు మూసుకున్నాను. బిళ్లలు ఒక్కొక్కటీ పట్టకారుతో ఎత్తి దీపం కింద చూపించింది. నా స్టీలు గిన్నెలు కూడా అంత మెరవ్వు.

"ఉప్పేది?" అన్నాను.

"లేదు పెద్దమ్మా."

"సరిగా చూడమ్మా. లోపలెక్కడో ఉంటుంది."

"ఎక్కడా లేదు. విసిరే దారం కింద అడుగున చుట్టే దారం చూడండి, అక్కడే ఉప్పు దాక్కుంటుంది. ఎవ్వరూ తియ్యరు. మీ తమ్ముడు అది కూడా విప్పి మంచినీళ్లలో కడిగి ఆరబెట్టి మళ్లీ చుట్టారు. ఇంత శ్రద్ధగా ఉంచే మనిషిని నేను చూడలేదు."

తర్వాత అన్నీ బిగించి చక్రం ఒక్కసారి వేలితో తోసింది. అది తిరుగుతూనే ఉంది. నేను చూస్తూనే ఉన్నాను.

అప్పుడు కొట్టాయన ఏం చేశాడో తెలుసా? ఆయన నాలుగు మాటలు తిరిగి అంటే బాగుండేది, నేనూ నాలుగు అని బయటపడేదాన్ని. లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. ఆ కుర్చీలో కూర్చున్నంతసేపూ నా తల తీసేసినట్టుంది. ఏ పాపం ఎరగని మనిషి మీదికి నన్ను అరవడానికి పంపించావు కదరా! మాట తప్పాడన్నాను ఆయన్ని. ప్రాణాలతో వ్యాపారమన్నాను. ఇదంతా నువ్వు గదిలో కూర్చుని రాసిన చీటీ పుణ్యం.

ఇంటికొచ్చి నీ చొక్కాలు ముందేసుకున్నాను. నేను నాలుగు తరగతులు దాటలేదు, నీ బ్రేకులూ బిళ్లలూ నా బుర్రకెక్కవు. కానీ బట్టలు కుడతాను. బొత్తాలు తీసి జిప్పు వెయ్యమని నా దగ్గరికి వచ్చేవాళ్లెవరో నాకు తెలుసు. చెయ్యి విరిగినవాళ్లు, వేళ్లు వణికేవాళ్లు. మిగతావాళ్లెవరూ అడగరు. మొదటిరోజే చూడాల్సింది, కోపంలో చూడలేదు. ఎక్కువసార్లు తిప్పక్కర్లేని చక్రం కావాలి. లావు పిడి కావాలి. ఆ పిడి కుడివైపుకి కావాలి. ఇవన్నీ సముద్రం కోసమా? సముద్రానికి బొత్తాలతో ఏం పనిరా?

అబద్ధం ఆడేవాడివి ఆ రీలుని రెండు రోజులు ఉప్పునీళ్లలో నానబెట్టి పంపాల్సింది. నేను నమ్మి చచ్చేదాన్ని. అదీ చేతకాలేదు నీకు.

రీలుకి తుప్పు పట్టలేదు. మరి దేనికి పట్టింది? నీ ఎడమచేతికి ఏమైంది?

ఉన్నది ఉన్నట్టు రాయి. లేకపోతే రేపటి బస్సుకే వస్తాను, వచ్చి టార్పాలినాయన్ని అడుగుతాను. ఆయనైనా నిజం చెప్తాడు. 

అక్క


అక్కకి,

ఆయన్ని అడగొద్దు. నేనే చెప్తాను.

వానలు పట్టిన కొత్తల్లో ఒకరోజు పొద్దున టీ కప్పు ఎడమచేతిలోంచి జారిపోయింది. పట్టుకున్నాననే అనుకున్నాను. చూస్తే కింద ముక్కలున్నాయి. వేళ్లు నావి కానట్టు వేలాడుతున్నాయి. రాత్రి చెయ్యి కిందపెట్టి పడుకున్నానేమోలే అనుకున్నాను. నాలుగు రోజులకి కాస్త నయమైనట్టనిపించి తిన్నె మీదికి వెళ్లాను.

మంచి చేప పడిందక్కా, వెండి చేప. ఒక్క పరుగులో దారమంతా లాక్కుపోయింది. రీలు ఎంత బాగా వదిలిందో, ఎక్కడా తడబడలేదు. అది వెనక్కి తిరిగినప్పుడు నేను చుట్టుకోవాలి. పిడి కోసం వేళ్లు పెడితే వేళ్లకి పిడి దొరకదు. కింద వదులైన దారం మణికట్టుకి చుట్టుకుంది. వదిలించుకుందామంటే వేళ్లు తెరుచుకోవు. చేప మళ్లీ లాగింది. నన్ను తిన్నె అంచుదాకా ఈడ్చి లోతులో పడేసింది. నడుముదాకా అని రాశాను, కాదు. టార్పాలినాయన పడవలో అటు రాకపోతే ఈ ఉత్తరం ఉండేది కాదు.

ఆసుపత్రికి ఆయనే తీసుకెళ్లాడు. మెదడులో చిన్న రక్తపు గడ్డ అన్నారు. మాత్రలు ఇచ్చారు, వేసుకుంటున్నాను. చేతికి పని చెప్తూ ఉంటే తిరిగి రావొచ్చట, రాకపోనూ వచ్చట. పిసకమని రబ్బరు బంతి ఇచ్చారు. అది పిసుకుతూ కూర్చుంటే నాకు ఏడుపొస్తోంది. ఎన్నెన్ని అంతస్తుల లిఫ్టుల్ని ఈ చేత్తో ఆపాను, ఈ బంతి నొక్కుకోదు. సొరుగులో పడేశాను.

కర్ర ఎడమ చంకలో ఇరికించుకుని కుడిచేత్తో తిప్పుకుందామనుకున్నాను. అందుకే కుడివైపు పిడి. నీకెందుకు చెప్పలేదంటే, చెప్తే నువ్వు వచ్చి నన్ను మీ ఇంటికి తీసుకుపోతావు. కిటికీ పక్కన కుర్చీ వేస్తావు. కాళ్లమీద దుప్పటి కప్పుతావు. నేను వీధి చూస్తూ కూర్చుంటాను. దానికంటే ఆ లోతే నయం అనిపించింది. రీలు పాడైందని రాస్తుంటే నాకే నిజమనిపించింది. రీలైతే కొత్తది కొనుక్కోవచ్చు.

ఉప్పునీళ్లలో ముంచాల్సింది అన్నావు. బకెట్లో సముద్రపు నీళ్లు తెచ్చి పెట్టాను కూడా. మనసు రాలేదు. అది చేసిన తప్పేముంది? అలవాటుకొద్దీ మంచినీళ్లలో కడిగాను. దారం విప్పి ఆరబెట్టి, కొస పళ్లతో పట్టుకుని ఒక్క చేత్తో మళ్లీ చుట్టాను. ఒక పూటంతా పట్టింది. 

తిట్టు. కానీ అక్కడికి మాత్రం రమ్మనకు. 

నీ తమ్ముడు


ప్రియమైన మొండిఘటానికి,

తిట్టమన్నావు కదా, ముందు అది కానివ్వు. చచ్చి బతికి, అది కాస్త పడటం అని రాసిన చేతిని కుడిదైనా సరే విరగ్గొట్టాలి. బంతిని సొరుగులో పడేసినవాణ్ణి ఆ సొరుగులోనే పెట్టి తాళం వెయ్యాలి. పరాయి మనిషి, ఆ టార్పాలినాయనకి తెలిసింది నాకు తెలియకూడదా? నేను గ్యాసూ తలుపూ దగ్గూ అని రోజంతా గింజుకుంటూ ఉంటే, భయపడాల్సిన అసలు సంగతి నువ్వు దాచిపెట్టుకున్నావు. ఇన్నేళ్లూ వంద భయాలు పడ్డాను, ఇది ఒక్కటి నాకు తట్టలేదు. అందుకు నా మీద నాకు కూడా కోపంగా ఉంది, అదీ నీ ఖాతాలోనే వేశాను.

ఏడ్చానని అనుకుంటావేమో. ఏడవలేదు. మిషను మీద కూర్చుని రెండు సూదులు విరగ్గొట్టాను.

తర్వాత మా వీధి డాక్టరు దగ్గరికి వెళ్లి అడిగాను. నా కాళ్లనొప్పులు కాదు, మా తమ్ముడి చెయ్యి అన్నాను. "పని తప్పించిన చెయ్యి కర్రైపోతుందమ్మా. రానిదాన్నే రమ్మని పిలుస్తూ ఉండాలి" అన్నాడు. ఆ ఒక్క మాటా పట్టుకుని కొట్టుకెళ్లాను. కొట్టాయనకి తప్పైందని చెప్పలేదు, నోరు రాలేదు. ఆయన ప్యాంటు అంచు ఊడి నేలమీద ఈడుస్తోంది, మొన్ననే చూశాను. పక్కగదిలోకి పంపి విప్పించి అక్కడికక్కడే కుట్టి ఇచ్చాను. ఆయనకి అర్థమైంది. మళ్లీ కుర్చీ వేశాడు, ఈసారి టీ కూడా ఇచ్చాడు.

మూతబిగించిన ఆ కొత్త రీలు కుడివైపు పిడి పెట్టి సిద్ధంగా ఉంచాడు. లోపల పెట్టెయ్యండి, మాకొద్దు అన్నాను. సముద్రానికి పనికొచ్చే రీలు కావాలన్నావు, నీ దగ్గర ఉన్నదే పనికొస్తుంది. ఉప్పు దూరలేదు, బ్రేకు తడబడలేదు, అంత చేప లాగినా ఆగింది. దాన్ని నువ్వు ఎంత బాగా చూసుకున్నావో, నీ చేతిని అందులో సగం చూసుకుంటే చాలు. ఒక్క పిడి మాత్రం మార్పించాను. ఆ అమ్మాయి చెక్కతో కోడిగుడ్డంత పిడి చేసి బిగించింది. పట్టు జారకుండా దానిమీద గాట్లు పెట్టమన్నాను. అది ఎడమవైపే ఉంది. నువ్వు గింజుకున్నా ఎడమవైపే ఉంటుంది.

చొక్కాల్లో ఒకదానికి జిప్పు వేశాను, తొందరున్న రోజుకి. రెండోదానికి బొత్తాలే. కాకపోతే కోటుకి వేసే పెద్దవి వేసి, కాజాలు వెడల్పు చేశాను. రోజూ ఒక బొత్తమైనా ఎడమచేత్తో పెట్టుకోవాలి. బూతులు తిట్టుకుంటూ పెట్టుకో, నాకు వినపడదు.

నిన్ను ఇక్కడికి తీసుకురాను. కుర్చీ వెయ్యను, దుప్పటి కప్పను. నేనే అక్కడికి వస్తున్నాను. మిషను ముందే లారీకి వేశాను, దారిలో వాళ్లు ఎక్కడ పడేస్తారోనని కాళ్లూ చేతులూ ఆడట్లేదు. టార్పాలినాయనతో చెప్పు, కింద కిటికీ దగ్గర నాకు కాస్త చోటు కావాలి. ఆయన కుట్టేది ఎలాగూ వంకరగానే ఉండి ఉంటుంది.

ఇసుక తిన్నె మాట మర్చిపో. రాతిగట్టు మీదనుంచి విసురు. నీళ్లంటే నాకెంత భయమో నీకు తెలుసు, అయినా నీ ఎడమపక్కన నిలబడతాను. చేప పడితే ముందు నువ్వే తిప్పాలి. వేళ్లు జారితే మళ్లీ పెట్టాలి. మళ్లీ జారితే అప్పుడు నీ చేతిమీద నా చెయ్యి వేస్తాను, ఇద్దరం తిప్పుదాం. చేప దారం తెంపుకుపోయినా ఫరవాలేదు, చెయ్యి తిరిగితే చాలు. ఇలా రాస్తుంటేనే, గట్టుమీద నాచు ఉంటుందేమో, నేను జారితే నువ్వు ఏ చేత్తో పట్టుకుంటావో అని భయమేస్తోంది.

బస్సు దగ్గరికి రా. నా దగ్గర రెండు సంచులుంటాయి. బరువుది కుడిచేత్తో పట్టుకో. తేలికదానిలో రీలు ఉంటుంది, మేజోట్లోనే చుట్టాను, అది ఎడమచేత్తో పట్టుకో. పడేస్తే పడేశావు. నేనేమీ అనను.

అబద్ధం. అంటాను. 

ఇంకా కోపంగానే ఉన్న
నీ అక్క